నా బొటనవేలు మీటరు కాదు: నర్వ్ బ్లాకులు చేసే డాక్టర్లకు బహిరంగ లేఖ

ఎనస్థీషియా సంఘాల పెద్దలకు, ఆసుపత్రుల్లో మత్తు విభాగాలు నడిపే అధిపతులకు, రోజూ నర్వ్ బ్లాకులు చేసే డాక్టర్లకు నమస్కారం.

నేను డాక్టర్ని కాను, ఎనస్థీషియా టెక్నీషియన్ని. నర్వ్ బ్లాక్ అంటే ఒళ్లంతా కాకుండా ఒక భాగమే మొద్దుబారేలా నరం పక్కన మందు ఇవ్వడం. అది చేసేటప్పుడు మీకు ఒక చేతిలో అల్ట్రాసౌండ్ ప్రోబు, ఇంకో చేతిలో సూది ఉంటాయి. మందు నింపిన సిరంజి మాత్రం సూదికి తగిలించిన సన్నని ట్యూబు చివర, నా చేతిలో ఉంటుంది. మీరు లాగమంటే లాగి, రక్తం రాలేదని చెబుతాను. ఇవ్వమంటే నొక్కుతాను. మధ్యలో ఎప్పుడో, తెర మీంచి చూపు తిప్పకుండానే అడుగుతారు: "గట్టిగా ఉందా?"

"లేదు సార్" అంటాను. మీరు ముందుకు వెళతారు.

ఆ "లేదు సార్" గురించే ఈ ఉత్తరం. ఇన్నేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఏ ఆధారంతో అన్నానని ఎవరైనా నిలదీస్తే నా దగ్గరున్న జవాబు ఒక్కటే: నా బొటనవేలికి అలా అనిపించింది. అదే గదిలో గుండె లయకు తెర ఉంది. బీపీకి, ఆక్సిజన్‌కు అంకెలున్నాయి. పేషెంటు వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌కు గీత ఉంది. నరం పక్కన, ఒక్కోసారి నరం లోపల, మందు ఎంత ఒత్తిడితో దిగుతోందో చెప్పడానికి మాత్రం నా వేలు తప్ప ఇంకేమీ లేదు. ఆ వేలిని నేనే నమ్మను. మీరూ నమ్మవద్దని అడగడానికి రాస్తున్నాను.

ఎందుకు నమ్మనో ముందు చెప్పాలి.

చాలాకాలం కిందటి మాట. ఆసుపత్రి పేరు, డాక్టరుగారి పేరు ఇక్కడ అనవసరం. ఆయన జాగ్రత్తపరుడు, ఆయన పనితనం మీద నాకు ఈరోజుకీ గౌరవమే. భుజం ఆపరేషన్ కోసం మెడ పక్కన ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ చేస్తున్నాం. మొదటి సగం మందు హాయిగా వెళ్లింది. సూదిని కాస్త మార్చి మళ్లీ ఇవ్వమన్నారు. నొక్కాను. ప్లంజర్ కదల్లేదు. ఒక్క క్షణమే. ట్యూబు ఎక్కడైనా మడత పడిందేమో అనుకున్నాను. సూది సన్నది కదా అని సర్దిచెప్పుకున్నాను. డాక్టరుగారు తెరలో లీనమై ఉన్నారు, బయట తర్వాతి కేసు సిద్ధంగా ఉంది. నోరు తెరిచి చెప్పాల్సిన చోట ఇంకాస్త బలంగా నొక్కాను. ఏదో వదులైనట్టు అనిపించింది, మందు వెళ్లిపోయింది. సరిగ్గా అప్పుడే ఆయన "గట్టిగా ఉందా?" అని అడిగారు. "లేదు సార్" అన్నాను. ఆ మాట అన్న క్షణానికి అది నిజమే. అంతకు ముందు క్షణం అడిగి ఉంటే అబద్ధమయ్యేది.

మర్నాడు మత్తు దిగిపోవాల్సిన సమయం దాటినా ఆ పేషెంటుకు మోచెయ్యి మడవడానికి బలం చాలలేదు. బొటనవేలి వైపు మొద్దుబారే ఉంది. బలం నెలల తరబడి కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. బొటనవేలి దగ్గర కొంత మేర స్పర్శ మాత్రం నేను చివరిసారి విన్నప్పటికి కూడా పూర్తిగా రాలేదు. కారణం ఎవరూ తేల్చలేకపోయారు. ఆపరేషన్లో చెయ్యి లాగి పట్టినందుకు కావచ్చు, తర్వాత వచ్చిన వాపు వల్ల కావచ్చు, బ్లాక్ వల్ల కావచ్చు. న్యాయంగా మాట్లాడాలంటే నేనూ తేల్చలేను. కానీ రికార్డు తీసి చూస్తే బ్లాక్ గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "బ్లాక్ సాఫీగా జరిగింది." నా వేలు ఆగిపోయిన ఆ క్షణం అందులో ఎక్కడా లేదు.

నరం లోపల ఏముంటుందో నేను సరిగ్గా చదువుకున్నది ఆ తర్వాతే. మాలాంటివాళ్లను కూర్చోబెట్టి ఇది ఎవరూ చెప్పరు. అందుకే ఈ ఉత్తరం చదివే తోటి టెక్నీషియన్ల కోసం, నర్సుల కోసం ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, డాక్టర్లు ఓపిక పట్టాలి. మన భాషలో రక్తం పారే గొట్టాన్నీ నరమనే అంటాం కాబట్టి ముందే చెబుతున్నాను, ఇక్కడ నరమంటే స్పర్శనీ కదలికనీ మోసే నాడి.

పేనిన మోకును అడ్డంగా కోసి చూసినట్టు ఊహించుకోండి. పైన వదులుగా ఒక తొడుగు, దాని పేరు ఎపిన్యూరియం. లోపల కొవ్వు, మెత్తని కణజాలం, సన్నటి రక్తనాళాలు, వాటి మధ్య విడివిడిగా పోగుల కట్టలు. ఒక్కో కట్టను ఫాసికిల్ అంటారు. అసలు పనిచేసే నాడీ పోగులుండేది ఆ కట్టల్లోనే. ప్రతి కట్ట చుట్టూ పెరిన్యూరియం అనే బిగుతైన పొర ఉంటుంది. పై తొడుగు సర్దుకుపోయే రకం, ఈ లోపలి పొర లొంగని రకం. సూది మొన కట్టల మధ్య మెత్తటి చోట ఉంటే మందు పక్కలకు పాకడానికి దారి దొరుకుతుంది. మొన ఆ బిగుతు పొరను దాటి కట్టలోకే దిగితే మందుకు పోవడానికి చోటు లేదు. ఒక మిల్లీలీటరులో కొద్ది భాగం వెళ్లినా లోపలి ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది. పోగులకు రక్తం తెచ్చే కేశనాళికలు ఆ ఒత్తిడికి నలిగి మూసుకుపోతాయి. నరం బయట ఉన్నంతసేపు హాని చెయ్యని మందే, కట్ట లోపల పోగుల మీద నేరుగా పడితే విషంలా పనిచేస్తుంది. సూది చేసిన గాటు ఎటూ ఉండనే ఉంది.

ఇది ఊహాగానం కాదని చూపించిన ప్రయోగం 2004లో వచ్చింది. హాడ్జిక్, ఆయన సహచరులు కుక్కల తొడ వెనక సయాటిక్ నరం దగ్గర లిడోకైన్ అనే మొద్దుబార్చే మందు ఇచ్చి, ప్రతిసారీ ఒత్తిడి కొలిచారు. నరం బయట ఇచ్చినప్పుడు ఒత్తిడి 4 పీఎస్ఐ దాటలేదు. పీఎస్ఐ అంటే చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్ల బలం పడుతోందో చెప్పే లెక్క, బండి టైర్లలో గాలి కొలిచేది దాంతోనే. నరం లోపల ఇచ్చిన వాటిలో చాలావాటికి మొదట్లోనే 25 నుంచి 45 పీఎస్ఐ లేచింది. కారు టైరులో ఉండే ఒత్తిడి సుమారు 30, 35. అంత ఒత్తిడి కంటికి సరిగా ఆనని ఒక పోగుల కట్టలో అన్నమాట. నరం బయట మందు పడిన కాళ్లు ఒక రోజులోపు మామూలయ్యాయి. ఎక్కువ ఒత్తిడితో ఇచ్చిన కాళ్లు గమనించిన ఏడు రోజుల్లోనూ కోలుకోలేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే కట్టలు ధ్వంసమై ఉన్నాయి. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సరే, ఒత్తిడి అంత ఎక్కువ లేస్తే చేతికి తెలియదా అని మీరు అడగవచ్చు. నేనూ అదే అనుకునేవాణ్ణి. "సిరంజి ఫీల్" అనే మాట మన దగ్గర ఎంత గౌరవంగా వాడతామో మీకు తెలుసు, అనుభవం ఉన్న చేతికి అది వచ్చేస్తుందని నమ్మకం. అదే 2004లో క్లాడియో బృందం అనుభవమున్న మత్తు డాక్టర్ల చేత బ్లాకును పోలిన ఏర్పాటులో మందు నొక్కించి, వెనక నుంచి ఒత్తిడి కొలిచింది. తమకు అలవాటైన బలంతోనే నొక్కారు. ఎక్కువమంది 20 పీఎస్ఐ దాటేశారు. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో తీరు. అక్కడ సిరంజి నొక్కినవాళ్లు డాక్టర్లు. మీ పక్కన నొక్కే మాలో చాలామందికి ఏ బలం ఎక్కువో ఎవరూ ఎప్పుడూ చూపించనే లేదు.

దీన్ని నేను నా జూనియర్లతో చేసి చూశాను. సిరంజికి మామూలు ప్రెషర్ గేజీ తగిలించి, అవతల త్రీ-వే కాక్ అనే చిన్న కుళాయి మూసేసి, గేజీ కనబడకుండా గుడ్డ కప్పి, "బ్లాకులో గట్టిగా ఉందని ఎప్పుడు చెబుతావో అంతవరకు నొక్కు" అన్నాను. గుడ్డ తీసినప్పుడు ప్రతివాళ్ల ముఖమూ మారింది. ముందు కూర్చున్నది నేనే. ఆగాల్సిన హద్దు పదిహేను పీఎస్ఐ. అది ఎప్పుడు దాటిపోయిందో నాకు తెలియనే లేదు.

తెలియకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, లెక్క. వేలికి తెలిసేది బలం. నరానికి తగిలేది ఒత్తిడి. రెండింటి మధ్య సిరంజి అడ్డకోత వైశాల్యం ఉంది. 20 మిల్లీలీటర్ల సిరంజిలో 15 పీఎస్ఐ రావాలంటే బొటనవేలితో దాదాపు మూడు కిలోల బరువంత నొక్కాలి. 5 మిల్లీలీటర్ల సిరంజిలో అదే ఒత్తిడికి కిలో పైన కొంచెం చాలు. నిన్న ఇరవైతో అలవాటుపడ్డ వేలు ఈరోజు ఐదుతో "మెత్తగా ఉంది" అని హాయిగా అబద్ధం చెప్పేస్తుంది. దీనికి తోడు ప్లంజర్ రబ్బరు రాపిడి ఒక్కో కంపెనీ సిరంజికి ఒక్కోలా ఉంటుంది, గ్లవ్స్ తడి ఉంటుంది, పొద్దుటి నుంచి ఎనిమిదో బ్లాక్ చేస్తున్న చెయ్యి అలసట ఉంటుంది. మందు పారుతున్నంతసేపు సన్నటి సూది, పొడవాటి ట్యూబు కూడా అడ్డుకుంటాయి, వాటి అడ్డూ నరం దగ్గరి అడ్డూ కలిసి ఒకే బరువుగా వేలికి తగులుతాయి. దేని వాటా ఎంతో విడదీసే శక్తి ఏ వేలికీ లేదు.

అందుకే చూడాల్సింది ఓపెనింగ్ ప్రెషర్, అంటే మందు కదలడం మొదలుపెట్టే ముందు క్షణపు ఒత్తిడి. మందు ఇంకా పారడం లేదు కాబట్టి సూది సన్నదనం, ట్యూబు పొడవు అప్పుడు లెక్కలోకి రావు. మూసిన ద్రవంలో ఒత్తిడి అన్ని చోట్లా సమానమని పాస్కల్ చెప్పిన సూత్రం ఆ క్షణానికి అచ్చంగా వర్తిస్తుంది. సిరంజి దగ్గర పెట్టిన మీటరు చూపేది సూది మొన దగ్గరి ఒత్తిడినే. మెల్లగా నొక్కుతూ 15 పీఎస్ఐ లోపే మందు కదిలితే ముందుకు వెళ్లవచ్చు. 15 వచ్చినా కదలకపోతే ఆగాలి. చేయాల్సిందల్లా ఇంతే. నా వేలు ఆగిపోయిన ఆ క్షణం ఓపెనింగ్ ప్రెషరే. దానికి పేరుందని కూడా ఆ రోజు నాకు తెలియదు.

మనుషుల్లో ఇది పనిచేస్తుందా? 2014లో గ్యాడ్స్‌డెన్ బృందం ఇంటర్‌స్కేలీన్ బ్లాకులోనే చూసింది. సూది మొన నరం వేరును తాకి ఉన్నప్పుడు మందు పెట్టబోతే, 36 సార్లలో 35 సార్లు 15 పీఎస్ఐ వచ్చేవరకు ఒక్క చుక్క కూడా కదల్లేదు. మొన ఒక మిల్లీమీటరు దూరం జరిగితే అదే మందు ఆ హద్దుకు లోపే సాఫీగా వెళ్లింది. ఒక్క మిల్లీమీటరు. తెర మీద ఆ తేడా ప్రతిసారీ కనబడుతుందని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగినవాళ్లు ఎంతమంది?

అదే గ్యాడ్స్‌డెన్ 2008లో చేసిన ఇంకో అధ్యయనాన్ని నేను మరీ ముఖ్యమనుకుంటాను, ఎందుకంటే ఒత్తిడి విషయం నరం గాయంతోనే ఆగిపోదని అది చూపించింది. నడుం దగ్గర లంబార్ ప్లెక్సస్ అనే నరాల అల్లికకు ఇచ్చే బ్లాకును కొందరికి 15 పీఎస్ఐ లోపు, కొందరికి 20 దాటించి ఇచ్చారు. ఎక్కువ ఒత్తిడితో ఇచ్చినవాళ్లలో సగానికి పైగా మత్తు అవతలి కాలికి కూడా పాకింది, సగం మందిలో ఎపిడ్యూరల్, అంటే వెన్నెముక దగ్గర మందు పెట్టే మత్తు, ఇచ్చినట్టే అయింది. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఒక కాలికి అనుకున్న మత్తు రెండు కాళ్లకూ వస్తే, బీపీ పడిపోతే, మనం సాధారణంగా పేషెంటు శరీర నిర్మాణాన్నో మందు మోతాదునో తప్పుపడతాం. సిరంజి వైపు ఎవరూ చూడరు.

ఇక మీ వైపు నుంచి నేను విన్న అభ్యంతరాలు. ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్లో, కాన్ఫరెన్సు హాళ్ల వెనక వరసలో నిలబడి విన్నవే.

అల్ట్రాసౌండ్ ఉండగా ఇదెందుకు అంటారు. అల్ట్రాసౌండ్ గొప్ప సాధనం, దాని రాకకు ముందూ తర్వాతా పనిచేసినవాణ్ణి. మందు రక్తంలోకి పోయి విషమెక్కే ప్రమాదాన్ని అది బాగా తగ్గించింది. నరం గాయాలను అంత స్పష్టంగా తగ్గించిందని మాత్రం ఇంకా రుజువు కాలేదు. సూది మొన కిరణం దారి నుంచి కొంచెం పక్కకు తప్పితే మనకు కనబడేది మొన కాదు, సూది నడుము. లోతుగా ఉన్న నరం, లావుపాటి శరీరం, పాత మెషీను అయితే బొమ్మ మసకే. పెరిన్యూరియం పొరను ఆ తెర చూపించలేదు. నరం ఉబ్బడం కనబడిందంటే మందు అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. ఒత్తిడి ఆ చుక్క వెళ్లకముందే చెబుతుంది.

సూది ద్వారా కొద్దిపాటి కరెంటు పంపి కండరం అదురుతుందేమో చూసే నర్వ్ స్టిమ్యులేటర్ ఉంది కదా అంటారు. 0.2 మిల్లీ ఆంపియర్లకే కండరం అదిరితే మొన నరంలో ఉండొచ్చని నమ్మదగిన హెచ్చరిక. కానీ అదరనంత మాత్రాన మొన బయటే ఉందని హామీ లేదు. పేషెంటు నొప్పి అని అరుస్తాడు కదా అంటారు. మత్తుమందు ఇచ్చి జోకొట్టిన పేషెంటు అరవడు. మెలకువగా ఉన్నవాళ్లలోనూ అందరికీ నొప్పి రాదు, వచ్చినప్పటికి కొంత మందు దిగే ఉంటుంది. వీటిలో ఏదీ వదిలేయమనడం లేదు. మూడూ కలిపి చూడమంటున్నాను: తెర, కరెంటు, ఒత్తిడి. ఒకటి చూడలేనిది ఇంకోటి పట్టుకుంటుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం, నేను గౌరవించేది, ఆధారం గురించి. ఒత్తిడి కొలిస్తే మనుషుల్లో నరం గాయాలు తగ్గాయని చూపిన ట్రయల్ లేదు. నిజం, లేదు. బ్లాక్ తర్వాత దీర్ఘకాలం నిలిచిపోయే నరం గాయం 10,000 మందిలో సుమారు 2 నుంచి 4 మందికి వస్తుందంటారు. అంత అరుదైనదాన్ని సగానికి తగ్గించామని నిరూపించాలంటే ఎన్ని లక్షల మంది కావాలో మీరు నాకంటే బాగా లెక్క కడతారు. ఆ ట్రయల్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నా సర్వీసు అయిపోతుంది, నా తర్వాతివాడి సర్వీసూ అయిపోతుంది.

పల్స్ ఆక్సీమీటరును గుర్తు చేసుకోండి. 1970ల మొదట్లో జపాన్ ఇంజనీరు అయోయాగి దాని సూత్రం కనిపెట్టారు. 1993లో డెన్మార్క్ నుంచి 20,802 మంది పేషెంట్ల మీద పెద్ద అధ్యయనం వచ్చింది. ఆక్సీమీటరు పెట్టినవాళ్లలో ఆక్సిజన్ పడిపోవడాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా పట్టుకున్నారు గానీ, ఆపరేషన్ తర్వాతి చిక్కుల్లో, మరణాల్లో తేడా చూపించలేకపోయారు. అయినా ఈరోజు వేలికి ఆ క్లిప్పు లేకుండా కేసు మొదలుపెట్టమని ఏ డాక్టరుగారైనా నాతో అంటారా? పెదవులు నీలమయ్యేవరకు చూడటం కంటే అంకె ముందే చెబుతుందని మనకు అర్థమైంది, అంతే. ఊపిరి కోసం గొంతులో వేసే ట్యూబు చుట్టూ ఉబ్బే బెలూను, అంటే కఫ్, విషయంలోనూ ఇదే జరిగింది. వేళ్లతో బెలూను నొక్కి "సరిపోయింది" అనేవాళ్లం. మానోమీటరు అనే ఒత్తిడి మీటరు పెట్టి చూస్తే ఉండాల్సిన 20, 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడిని ఎంతగా దాటేస్తున్నామో బయటపడింది. గొంతు గొట్టం పట్ల చూపిన జాగ్రత్త నరం పట్ల చూపమంటున్నాను.

ఈ పద్ధతికున్న లోపాలూ నేనే చెబుతాను, లేకపోతే అమ్మకందారు మాటలా ఉంటుంది. ఒత్తిడి ఎక్కువ వచ్చిన ప్రతిసారీ మొన నరంలో ఉందని కాదు. ఎముకను తాకి ఉండొచ్చు, గట్టి పొరకు ఆని ఉండొచ్చు, సూదిలో కణజాలపు ముక్క ఇరుక్కుని ఉండొచ్చు, ట్యూబు నిజంగానే మడత పడి ఉండొచ్చు. అలాగే ఒత్తిడి తక్కువగా ఉన్నంత మాత్రాన అంతా క్షేమమనీ కాదు. మొన పై తొడుగును దాటి, కట్టల బయట మెత్తటి చోట ఆగితే ఒత్తిడి లేవదు. తక్కువ అంకె హామీపత్రం కాదు గానీ, ఎక్కువ అంకె ఆగమని చెప్పే మాట. ఆ మాట విని ఆగితే పోయేది అర నిమిషం.

ఖర్చు అంటారా. సిరంజికీ ట్యూబుకీ మధ్య తగిలించే చిన్న మీటర్లున్నాయి, రంగు గీతల మీద 15, 20 పీఎస్ఐ హద్దులు కనబడతాయి. హద్దు దాటితే మందును ముందుకు పోనివ్వని రకాలూ ఉన్నాయి. అవి కొనలేని చోట కూడా ఒక దారి ఉంది, 2006లో సూయి బృందం రాసింది. సిరంజిలో మందుతో పాటు కొంత గాలి ఉంచి, సిరంజిని నిలువుగా పట్టుకుని నొక్కాలి. మందు పైకి తేలిన ఆ గాలి కొలతను చూస్తూ ఉండాలి. 10 మిల్లీలీటర్ల గాలి 5కి కుదిస్తే ఒత్తిడి సరిగ్గా ఒక వాతావరణం పెరుగుతుంది, అంటే 14.7 పీఎస్ఐ. ఇది బడిలో చదువుకున్న బాయిల్ సూత్రమే. గాలిని సగానికి మించి కుదించకుండా ఉంటే హద్దు దాటనట్టే. సిరంజి పక్కకు వాల్చకూడదు, గాలి ట్యూబులోకి పోకూడదు, పోతే అల్ట్రాసౌండ్ బొమ్మ చెదిరిపోతుంది, రక్తనాళంలోకి గాలి పోయే భయమూ ఉంటుంది. అందుకే ఇది మీటరుకు సమానమని చెప్పను, చిక్కులున్నాయి. కానీ "మా దగ్గర డబ్బుల్లేవు" అన్న మాటకు ఇది జవాబు.

మీటరు ఒక్కటే పెట్టి ఊరుకుంటే మాత్రం సగం పనే అవుతుంది. ఆ రోజు నా దగ్గర మీటరు ఉన్నా, నోరు తెరిచేవాణ్ణా అని నన్ను నేను అడుగుతుంటాను. ఓటీలో కింది మెట్టు మీదున్నవాడు "ఆగండి సార్" అనడం ఎంత కష్టమో పై మెట్టు మీంచి కనబడదు. "గట్టిగా ఉందా?" అన్న ప్రశ్నలోనే "లేదు" అన్న జవాబు ఆశించడం వినిపిస్తుంది. దాని బదులు "ఎంత?" అని అడగండి. "ఎనిమిది" అంటాను, "పన్నెండు" అంటాను. "పదిహేను, కదల్లేదు" అంటే, అప్పుడు ఆగింది నేను కాదు, అంకె. అంకెతో ఎవరూ విసుక్కోరు. అంకె చెప్పినందుకు ఎవరూ భయపడనక్కరలేదు.

ఆగిన తర్వాత ఏం చేయాలన్నది కూడా ముందే మాట్లాడుకుని ఉండాలి. ఇంకాస్త నొక్కి చూడటం కాదు. సూదిని కొద్దిగా వెనక్కి తీసి, మొన ఎక్కడుందో చూసుకుని, మళ్లీ మెల్లగా మొదలుపెట్టడం. అప్పటికీ కదలకపోతే సూది బయటికి తీసి, పేషెంటు బయటే పారుతోందో లేదో చూడటం. పేషెంటు లోపల ఉండగా సూదిలో అడ్డును బలంతో ఊది తీయకూడదు, ఎందుకంటే ఆ అడ్డు అడ్డే కాకపోవచ్చు. మొన కదిపిన ప్రతిసారీ ఓపెనింగ్ ప్రెషర్ కొత్తగా చూడాలి. నా కేసులో మొదటి సగం హాయిగా వెళ్లడమే నన్ను ఏమార్చింది. ఇక వేగం: 20 మిల్లీలీటర్లు వెళ్లడానికి కనీసం ఒక నిమిషం పట్టాలి. మధ్యమధ్య ఆగి లాగి చూడటం ఎటూ అలవాటే.

కాబట్టి సంఘాల పెద్దలను నేను కోరేది ఇది. బ్లాక్ చేసేటప్పుడు ఏమేమి గమనించాలో మీరు రాసే మార్గదర్శకాల్లో ఇంజెక్షన్ ప్రెషర్‌ను "వీలైతే" అనే మాట లేకుండా చేర్చండి. ట్రైనింగులో డాక్టర్లకూ, సిరంజి పట్టే మాకూ కలిపి ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర గేజీ మీద నొక్కించి చూపించండి. గుడ్డ కప్పి చేయించండి, పది నిమిషాల పని, జీవితాంతం గుర్తుంటుంది. విభాగాధిపతులను కోరేది ఇంకా చిన్నది. మీ బ్లాక్ రికార్డు కాగితం మీద మందు పేరుకు గడి ఉంది, మోతాదుకు ఉంది, సూది పొడవుకు, స్టిమ్యులేటర్ కరెంటుకు ఉంది. వాటి పక్కన ఓపెనింగ్ ప్రెషర్‌కు ఒక గడి గీయించండి. ఖాళీ గడి కనబడితే ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే కొలుస్తారు.

ఆ పేషెంటు కాగితం మీద ఆ గడి లేదు. ఉండి ఉంటే ఆ రెండోసారి నొక్కినప్పుడు అందులో ఏ అంకె పడేదో నాకు ఈరోజుకీ తెలియదు.

ఇట్లు,
మీ పక్కన నిలబడి సిరంజి పట్టే ఒక ఎనస్థీషియా టెక్నీషియన్